1987 వానగన్ వెస్ట్‌ఫాలియాకు రిమ్ములు: పాత స్టీలే వెతకాలా, మెర్సిడెస్ అల్లాయ్ వేసుకోవచ్చా?

వంశీ_డాలస్

అందరికీ నమస్కారం. బండి 1987 ఫోక్స్‌వ్యాగన్ వానగన్ వెస్ట్‌ఫాలియా, అంటే క్యాంపర్ వ్యాన్. 2.1 వాటర్‌బాక్సర్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, వెనక చక్రాల డ్రైవ్. సింక్రో (నాలుగు చక్రాల డ్రైవ్ రకం) కాదు. ఇప్పుడున్నవి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 14 అంగుళాల స్టీలు రిమ్ములు, 5.5జె (వెడల్పు 5.5 అంగుళాలు). రెండింటికి టైరు కూర్చునే అంచు దగ్గర తుప్పు పట్టి గాలి మెల్లగా దిగిపోతోంది. మూడో దానికి నట్టు రంధ్రం పక్కన వెంట్రుకంత గీత ఉంది. అది పైపెయింటు పగిలిందో లోపల ఇనుమే పగిలిందో తెలియడం లేదు. టైర్లు 185ఆర్14సీ, పాతబడ్డాయి, అవీ మార్చాలి.

దగ్గర్లో ఒకాయన మెర్సిడెస్ సి-క్లాస్ నుంచి తీసిన 15 అంగుళాల అల్లాయ్‌లు అమ్ముతున్నారు. వెనక పోతపోసిన అక్షరాలు 7జె×15 హెచ్2 ఈటీ37. "రంధ్రాలు ఒకటే, నేరుగా కూర్చుంటాయి" అంటున్నారు. ధర స్టీలు రిమ్ముల కంటే తక్కువ. అందం సంగతి నాకు పట్టదు. నలుగురం, నిండా నీళ్లు, గ్యాసు, సామాను వేసుకుని వెళ్లే బండి. నా సందేహాలు: ఆ అల్లాయ్‌లు తీసుకోవచ్చా? స్టీలు రిమ్ములకు పౌడర్ కోటింగ్ చేయిస్తే సరిపోతుందా? టైరు ఏ సైజు? స్టెప్నీ సంగతేంటి?

ప్రసాద్_హబ్బుబోల్టు

వంశీ గారూ, ముందు ఆ గీత పడ్డ రిమ్ము బండి నుంచి దించేయండి. మిగతావన్నీ తర్వాత. వైర్ బ్రష్‌తో పెయింటు గీకి, డై పెనెట్రంట్ (పగుళ్లలోకి దిగే రంగు ద్రవం) కొట్టి చూస్తే పగులు ఇనుములోకి దిగిందో లేదో అక్కడికక్కడే తేలుతుంది. ఎర్ర రంగు స్ప్రే చేసి, పది నిమిషాలు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టండి. పగులుంటే ఎర్ర గీత మళ్లీ పైకి ఊరుతుంది. నట్టు రంధ్రం దగ్గర పగులుకు వెల్డింగ్ వద్దు. వేడికి పక్కనున్న లోహం పెళుసెక్కి, కొత్త పగులు వెల్డు అంచు నుంచే మొదలవుతుంది. అసలు అక్కడ పగులు రావడానికి కారణం ఎక్కువగా నట్టు వదులుగా తిరగడమే, కాబట్టి ఆ చక్రం హబ్బు ముఖం, స్టడ్డుల మరలు కూడా చూడండి.

ఇక అల్లాయ్‌ల మాట. అమ్మే ఆయన చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. వానగన్ స్టడ్డుల వలయం 5×112, అంటే 112 మి.మీ. వ్యాసం వలయం మీద అయిదు స్టడ్డులు; మధ్య రంధ్రం 66.6 మి.మీ. ఆ కాలపు మెర్సిడెస్ కార్లవీ అవే కొలతలు. అందుకే అంతమంది వేసుకుంటారు. 5×112 ఉంది కదా అని పాత ఆడి, పస్సాట్, ఫోక్స్‌వ్యాగన్ టీ4 రిమ్ములు తెచ్చుకుంటే మాత్రం వాటి మధ్య రంధ్రం 57.1, హబ్బు మీదికి ఎక్కనే ఎక్కవు. అంతకంటే ప్రమాదం 5×114.3 రిమ్ములది. అయిదు రంధ్రాల రిమ్ములో పక్కపక్క రంధ్రాల మధ్య దూరం కొలిచి 1.701తో గుణిస్తే వలయం వస్తుంది. 112కి ఆ దూరం 65.8 మి.మీ., 114.3కి 67.2. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. టేపుతో చూస్తే దొరకదు, నట్టు బలవంతంగా బిగిస్తే ఎక్కినట్టే ఉంటుంది, స్టడ్డు మాత్రం వంగిన స్థితిలో పనిచేస్తూ కొన్నాళ్లకు తెగుతుంది. కాలిపర్ పెట్టి కొలవండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది రిమ్ము ఎంత బరువు మోయగలదన్నది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఒక్కో ఇరుసుకు అనుమతించిన బరువు ఉంటుంది. పౌండ్లలో ఉంటే 2.2046తో భాగించండి. వెనక ఇరుసు 1300 కిలోలనుకుంటే ఒక్కో రిమ్ము కనీసం 650 మోయాలి. స్టిక్కర్‌తో ఆగకుండా హైవే ట్రక్ స్టాపుల్లోని క్యాట్ తూనిక మీద బండిని నింపి నిలబెట్టండి. నీళ్ల ట్యాంకు, పెట్రోలు, గ్యాసు, మనుషులు, సామాను అన్నీ ఉండాలి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా చీటీలో వస్తాయి. పాత క్యాంపర్లలో గుడారం, అదనపు బ్యాటరీ, సైకిళ్ల ర్యాకు అంటూ ఏళ్ల తరబడి చేరిన బరువంతా వెనకే ఉంటుంది. స్టిక్కర్ పరిమితి దాటిందని తూనిక చెబితే రిమ్ము మార్చి లాభం లేదు, సామాను తగ్గించాలి.

ఇప్పుడు మీ సి-క్లాస్ రిమ్ము. వెనక కిలోల అంకె ఎక్కడైనా పోతపోసి ఉందా? లేకపోతే పార్టు నంబరు చూడండి. "ఎ 202 401" అని మొదలైతే అది డబ్ల్యూ202 సి-క్లాస్‌ది. ఆ కారు మొత్తం బరువే రెండు టన్నులకు లోపు. వెనక ఇరుసు టన్ను అటూ ఇటూ అనుకున్నా ఒక్కో చక్రానికి వచ్చేది 500 చిల్లర. ఆ రిమ్ము 650 మోయలేదని దీనర్థం కాదు. మోస్తుందని నిరూపించే కాగితం లేదని అర్థం. కాగితం లేకుండా నలుగురిని ఎక్కించే బండికి నేనైతే సరే అనను.

సుజాత_స్టుట్‌గార్ట్

ప్రసాద్ గారు చెప్పిన బరువు విషయం ఇక్కడ జర్మనీలో చట్టమే. ఫ్యాక్టరీది కాని రిమ్ము వేస్తే దాని మోత సామర్థ్యం చూపే కాగితం పట్టుకుని ట్యూఫ్ (బండ్ల తనిఖీ సంస్థ) పరీక్షకు వెళ్లి బండి పత్రాల్లో రాయించుకోవాలి. అందువల్ల జర్మనీలో అమ్మిన బయటి కంపెనీ రిమ్ముల వెనక కేబీఏ (జర్మన్ మోటారు వాహనాల శాఖ) నంబరు పోతపోసి ఉంటుంది. ఆ నంబరుతో వెతికితే మోత బరువు, ఏ బండికి ఏ టైరుతో అనుమతి ఉందో ఉన్న నివేదిక దొరుకుతుంది. అమెరికాలో ఆ పరీక్ష లేకపోయినా, సెకండ్ హ్యాండ్ రిమ్ము కొనేటప్పుడు ఆ నంబరు ఉన్నదే వెతుక్కోండి, సమాచారం చేతిలో ఉంటుంది. టీ3 (వానగన్‌కు యూరప్ పేరు) కోసమే అని అమ్మే 15, 16 అంగుళాల అల్లాయ్‌లు కూడా ఉన్నాయి. మీ దగ్గర గోవెస్టీ లాంటి వానగన్ విడిభాగాల వాళ్లు అమ్ముతారు. ఖరీదెక్కువే, కానీ బరువు, ఆఫ్‌సెట్, నట్టు మూడూ కుదిరి వస్తాయి.

ఆఫ్‌సెట్ లెక్క ఒకసారి వేద్దాం, ఇక్కడే చాలామంది ఈటీ అంకె ఒక్కటే చూసి మోసపోతారు. ఈటీ అంటే ఆఫ్‌సెట్, అంటే రిమ్ము మధ్యరేఖ నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా మిల్లీమీటర్లలో దూరం. మీ స్టీలు రిమ్ము 5.5జె ఈటీ39. రిమ్ము వెడల్పులో సగం 69.9 మి.మీ. దానికి 39 కలిపితే హబ్బు ముఖం నుంచి లోపలి వైపు 108.9, 39 తీసేస్తే బయటి వైపు 30.9. అదే 7జె ఈటీ37 అయితే సగం 88.9, లోపలికి 125.9, బయటికి 51.9. ఈటీలో తేడా రెండే మిల్లీమీటర్లు, కానీ రిమ్ము అంచు లోపలికి 17, బయటికి 21 జరిగింది. ఫ్యాక్టరీ అల్లాయ్ 6జె ఈటీ30తో పోలిస్తే బయటికి తేడా ఆరు మిల్లీమీటర్ల లోపే, లోపలికి మాత్రం దాదాపు 20. అంటే చూడాల్సింది లోపలి వైపు: ముందు చక్రం దగ్గర పై బాల్‌జాయింటు, స్టీరింగ్ రాడ్డు, బ్రేకు పైపు.

రిమ్ము అంచు కొలత సస్పెన్షన్ భాగాలకు. బాడీకి తగిలేది టైరు పొట్ట. 185 నుంచి 205 టైరుకు వెళ్తే పొట్ట ఇటు 10, అటు 10 పెరుగుతుంది. చక్రం మధ్యరేఖ రెండు మిల్లీమీటర్లు బయటికి జరిగింది కనుక లోపలికి 8, బయటికి 12. పరీక్ష ఇలా చేయండి: ఒకే ఒక రిమ్ముకు టైరు ఎక్కించి ముందు హబ్బుకు బిగించండి, బండిని నేల మీదికి దించండి, బరువు పడ్డాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు ఉన్న ఖాళీ నేల మీద ఉండదు. తర్వాత అదే చక్రాన్ని కుడివైపు వెనక వేసి, పక్కకు జరిగే తలుపు పూర్తిగా తెరవండి. ఆ తలుపు చక్రం మీదుగానే వెనక్కి పోతుంది.

మెర్సిడెస్ వీటో వ్యాన్ రిమ్ములు బలమైనవి కదా అని కొందరు అడుగుతారు. బలం నిజమే, కానీ ఈటీ చాలా ఎక్కువ. 6.5జె ఈటీ60 రిమ్ము లోపలికి 142.5 దాకా వస్తుంది, మీ స్టీలు కంటే 34 మి.మీ. ఎక్కువ. స్పేసర్ పెట్టి సర్దాలంటే పొడుగు స్టడ్డులు నొక్కించాలి, స్పేసర్ కూడా హబ్బు మీద సరిగ్గా కూర్చునే రకం కావాలి. ఇక్కడ దాన్ని కూడా పత్రాల్లో ఎక్కించాలి. అంత దూరం వెళ్లే అవసరం మీకు లేదు.

నట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. వానగన్ స్టడ్డు ఎం14×1.5, నట్టు అడుగు గుండ్రం. ఆ కాలపు మెర్సిడెస్ కార్లవి ఎం12×1.5 బోల్టులు. రిమ్ములో గుంట గుండ్రమే, కానీ వ్యాసార్ధం 12 మి.మీ., చిన్నది. మీ ఫ్యాక్టరీ నట్టు అందులో పూర్తిగా కూర్చోదు, ఒక సన్నటి వలయం మీద మాత్రమే ఆనుతుంది. టార్క్ రెంచ్ క్లిక్ అంటుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది, ఆ సన్నటి వలయం దగ్గర అల్యూమినియం నలిగాక బిగువు పోతుంది. ఎం14 మరతో 12 వ్యాసార్ధం అడుగు ఉన్న నట్టులు ప్రత్యేకంగా దొరుకుతాయి, అవే కావాలి. శంకువు అడుగు నట్టు ఈ రిమ్ములకు అసలు పనికిరాదు. తేల్చుకోవాలంటే గుంటలో మార్కర్ ఇంకు పూసి, నట్టు చేత్తో బిగించి, కాస్త తిప్పి తీయండి. ఇంకు చెరిగిన పట్టీ వెడల్పుగా, చుట్టూ సమంగా ఉండాలి.

కొన్ని రిమ్ముల్లో 14 మి.మీ. స్టడ్డు దూరదు, రంధ్రం పెంచాలి. అది మెషిన్ షాపులో మిల్లింగ్ మీద చేయించాల్సిన పని. చేతి డ్రిల్లుతో చేస్తే రంధ్రం పక్కకు పోతుంది.

వంశీ_డాలస్

ప్రసాద్ గారూ, సుజాత గారూ, చాలా థాంక్స్. వెనక చూశాను, కిలోల అంకె లేదు, కేబీఏ నంబరూ లేదు. పార్టు నంబరు మీరు చెప్పినట్టే 202 401తో మొదలవుతోంది. కాబట్టి ఆ అల్లాయ్‌లు వదిలేస్తున్నాను. స్టీలు రిమ్ములే వెతుకుతాను. పాతవి కొనేటప్పుడు ఏం చూడాలి? కోటింగ్ చేయించాక మళ్లీ వాడొచ్చా? టైరు 185ఆర్14సీ నే ఉంచాలా?

ప్రసాద్_హబ్బుబోల్టు

మంచి పని చేశారు. పాత స్టీలు రిమ్ము కొనేటప్పుడు టైరు లేకుండా చూపించమనండి. టైరు ఉంటే అంచు లోపలి తుప్పు కనిపించదు, దాని కోసమే కదా మీరు మారుస్తున్నది. టైరు ఆనే చోట తుప్పు పైపైన ఉంటే ఇసుక బ్లాస్టింగ్‌తో పోతుంది. గోరు దిగేంత గుంటలు ఉంటే అంత మందం ఇనుము పోయినట్టే, వద్దు. మధ్య పళ్లెం, రిమ్ము కలిసే వెల్డు చుట్టూ తుప్పు నీరు కారిన గోధుమ రంగు చార ఉంటే అక్కడ పగులు ఉందేమో అనుమానించండి. నట్టు గుంటలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డులా సాగాయా చూడండి. సాగితే పారేయడమే.

వంకర చూడటానికి ఆ రిమ్మునే మీ బండి ముందు హబ్బుకు బిగించి, డయల్ గేజ్ టైరు ఆనే అంచు మీద పెట్టి తిప్పండి. పైకీ కిందకీ ఒకసారి, పక్కలకు ఒకసారి. మిల్లీమీటరు దాటితే స్టీరింగ్ వణుకు ఖాయం, బ్యాలెన్సింగ్ బరువులు ఎన్ని అంటించినా పోదు. గేజ్ లేకపోతే స్టాండుకు తీగ కట్టి అంచుకు ఆనీ ఆనకుండా పెట్టి తిప్పినా వంకర తెలుస్తుంది.

పౌడర్ కోటింగ్ స్టీలుకు మంచిదే, కానీ షాపు వాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. హబ్బుకు ఆనే వెనక ముఖం, అయిదు నట్టు గుంటలు, మధ్య రంధ్రం అంచు మాస్క్ చేయాలి. పౌడర్ పొర మందంగా ఉంటుంది. నట్టు కింద అది ఇనుములా గట్టిగా నిలవదు, వేడికీ బిగువుకూ పక్కకు పాకిపోతుంది. పాకిన మేరకు బిగువు పోతుంది. అందంగా చేయించుకున్న రిమ్ములకు నట్టులు వదులవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. ఆ చోట్ల పల్చటి ప్రైమర్ చాలు. ఇంకో మాట, ఎప్పుడైనా అల్లాయ్‌లకు ఇదే పని చేయించాలంటే ఓవెన్ వేడి అడగండి. అల్లాయ్‌కి ఫ్యాక్టరీలో వేడితో ఇచ్చిన బలం, దాదాపు 200 డిగ్రీల దగ్గర మళ్లీ మళ్లీ కాల్చితే తగ్గుతుంది. స్టీలుకు ఆ బాధ లేదు.

బిగింపు 180 న్యూటన్ మీటర్లు, మీ రెంచ్ మీద 133 ఫుట్ పౌండ్లు. స్టడ్డుకు గ్రీజు, నూనె రాయకండి. ఆ అంకె పొడి మరకు లెక్క. నూనె ఉంటే అదే క్లిక్‌కు స్టడ్డు మీద లాగుడు చాలా ఎక్కువ పడుతుంది. హబ్బు ముఖం తుప్పు గీకి, నట్టులు నక్షత్రం వరుసలో ముందు సగం బిగువుకు, తర్వాత పూర్తికి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చల్లారిన చక్రానికి మళ్లీ రెంచ్ పెట్టండి. కొత్త పెయింటు రిమ్ము అయితే ఆ తర్వాత కూడా ఇంకోసారి చూడండి. నట్టు కనీసం తొమ్మిది పూర్తి చుట్లు తిరిగి ఆగాలి. 14 మి.మీ. మర పట్టుకోవడానికి 1.5 పిచ్‌తో అంతే పడుతుంది.

గాలి_మీటర్

టైర్ల మాట నేను చెప్తాను. 185ఆర్14సీ 102/100 ఉంచుకోవడమే తేలిక. 102 అంటే ఒంటి చక్రానికి 850 కిలోలు, అది 65 పీఎస్ఐ దగ్గర. మీ వెనక చక్రం మీద 650 ఉంటే నిష్పత్తి లెక్కన 50 పీఎస్ఐ వస్తుంది, అదే పెట్టండి. ముందు చక్రం మీద 550 ఉంటే 42. చల్లటి టైరులో కొలవాలి. తూనిక చీటీ వచ్చాక ఈ అంకెలు మీ బండికి సరిచేసుకోండి. ముందు వెనక కంటే తక్కువ ఉండటం ముఖ్యం, ఇంజన్ వెనక ఉన్న బండి ఇది.

14 అంగుళాల్లో సీ రకం (వ్యాన్ల బరువుకు చేసిన) టైర్లు దొరక్క షాపు వాళ్లు మామూలు కారు టైరు ఎక్కించబోతారు. అమెరికా నిబంధన ప్రకారం కారు టైరును ఇలాంటి బండికి వేస్తే దాని సామర్థ్యాన్ని 1.10తో భాగించాలి. 95 సూచిక అంటే 690, భాగిస్తే 627, మీకు చాలదు. 205/70ఆర్14 రీఇన్‌ఫోర్స్డ్ 97 అయితే 730, భాగిస్తే 664. 650కి అంచు మీద నిలబడ్డట్టే. పక్క గోడ మెత్తగా ఉండి, పక్కగాలికి పొడుగు బండి ఊగుతుంది కూడా. సీ టైరు గోడ గట్టితనం వెస్ట్‌ఫాలియాకు అవసరం.

తర్వాతెప్పుడైనా బరువు మోసే 15 అంగుళాల రిమ్ములు దొరికితే 205/65ఆర్15సీ 102/100 చూడండి. వ్యాసం 648 మి.మీ., ఇప్పటి 185ఆర్14సీ ది 650. స్పీడోమీటరు, గేర్లు ఏవీ మారవు. 195/70ఆర్15సీ 104/102 కూడా బాగుంటుంది, 654. 16 అంగుళాల్లో 215/65ఆర్16 వేస్తే 686 అవుతుంది, అంటే ఐదున్నర శాతం పొడవు గేరు. 2.1 ఇంజన్ నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరు నిలబడదు, మూడోలోనే ఉండాల్సి వస్తుంది. 16 వైపు నేను వెళ్లను.

వాల్వులు కూడా గమనించండి. మామూలు రబ్బరు వాల్వు పరిమితి 65 పీఎస్ఐ. మీరు 50 వాడినా టెక్సాస్ ఎండలో హైవే మీద అది ఇంకా పెరుగుతుంది. లోహపు బిగింపు వాల్వులు వేయమనండి, ఖర్చు కొద్దిగానే. రిమ్ము వాల్వు రంధ్రం చుట్టూ తుప్పు ఉంటే ముందు అది గీకించండి, మెల్లగా గాలి దిగడానికి అదీ ఒక దారి. టైరు పక్కన డాట్ సంకేతం చివరి నాలుగు అంకెలు తయారీ వారం, సంవత్సరం. కొత్తదని అమ్మినా ఏడాది దాటినది తీసుకోకండి, ఈ సైజు నెమ్మదిగా అమ్ముడవుతుంది కనుక గోదాములో పాతబడి ఉంటుంది.

వంశీ_డాలస్

అర్థమైంది అన్నా. ఒక్క చివరి ప్రశ్న. స్టెప్నీ ముందు బంపర్ కింద ట్రేలో ఉంటుంది కదా. 15కి మారితే అది పడుతుందా?

గాలి_మీటర్

ట్రే 14 అంగుళాల చక్రానికి కొలిచి చేసింది. 15లో వెడల్పు టైరు పెడితే గొళ్లెం పడకపోవచ్చు. బలవంతంగా మూస్తే ట్రే కిందికి వంగి స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది. 648, 650 వ్యాసాలు దాదాపు ఒకటే కాబట్టి 14 అంగుళాల 185ఆర్14సీ స్టీలు చక్రాన్నే స్టెప్నీగా ఉంచుకోవచ్చు. సింక్రో అయితే నాలుగు చక్రాల చుట్టుకొలత ఖచ్చితంగా కలవాలి, మీది వెనక డ్రైవ్ కనుక ఆ ఇబ్బంది లేదు. ఏడాదికోసారి ట్రే దించి స్టెప్నీలో గాలి 50కి నింపండి, కింద బురద, నీళ్లు తగిలేది ముందు దానికే.

సుజాత_స్టుట్‌గార్ట్

దానికి ఒకటి కలుపుతాను. అల్లాయ్‌లకు వేరే నట్టులు వాడుతూ స్టెప్నీ స్టీలుది ఉంచుకుంటే, ఫ్యాక్టరీ నట్టులు అయిదు ఒక సంచిలో 19 మి.మీ. సాకెట్‌తో కలిపి జాకీ దగ్గరే పెట్టండి. అల్లాయ్ నట్టులు స్టీలు గుంటలో సరిగ్గా కూర్చోవు.

వంశీ_డాలస్

సరేనండి. పాత స్టీలు రిమ్ములు అయిదు చూసి పెట్టమని అడిగాను, టైర్లు తీసే చూపిస్తామన్నారు. డయల్ గేజ్ పట్టుకుని వెళ్తాను. తూనిక చీటీ రాగానే రెండు ఇరుసుల అంకెలు ఇక్కడ పెడతాను, గాలి లెక్క మీరే చూసి చెప్పండి.